అదీ మీకే

గొలుసుగాడు ఆ వీధికి పెద్ద అయిన రోజునే దర్జీ వేళ్ళను అతని కుట్టుమిషను చక్రంలోనే ఇరికించి విరిచాడు. మర్నాడు చెప్పులు కుట్టేవాడి మోకాలు చితక్కొట్టాడు. ఆ తర్వాత ఎవరినీ ముట్టుకునే అవసరం రాలేదు. తాళాల కొట్టాయన మొదలు పాలకొట్టు ముసలమ్మ దాకా, వాడు కనిపిస్తే చాలు, అడక్కుండానే డబ్బు చేతిలో పెట్టి తల దించుకునేవారు. మణికట్టుకు సైకిలు గొలుసు చుట్టుకుని తిరుగుతాడు కనుక వాడికా పేరు. అసలు పేరు ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా ఎవరికీ లేదు.

వీధి చివర ఉన్న రొట్టెల కొట్టు దగ్గరికి వాడు అందరికంటే ఆఖరున వచ్చాడు.

ఆ కొట్టుకి కొత్త కోడలు వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. కాలేజీలో రసాయనశాస్త్రం చదివిన పిల్ల. పిండి ఎందుకు పొంగుతుందో పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. కానీ తడిగుడ్డ కప్పిన పిండి ముద్ద నిద్రలో ఊపిరి పీలుస్తున్నట్టు మెల్లగా ఉబ్బడం కళ్ళారా చూశాక, చదివిందంతా ఉత్తదే అనిపించింది. మొగుడి చెవి వెనక పిండి అంటుకుని ఉంటే చెప్పకుండా పొద్దంతా చూసుకుని మురిసిపోయేది. అత్తగారి ముందు అతన్ని "మీరు" అనేది, పొయ్యి గదిలో ఇద్దరే ఉంటే "నువ్వు" అనేది. ఈ రెండిటి మధ్య నాలుక తడబడితే ఇద్దరూ దొంగల్లా నవ్వుకునేవారు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పొద్దున పొయ్యిలోంచి వచ్చే తొలి ట్రే అమ్మరు. దాన్ని గుమ్మం బయట బల్ల మీద పెట్టేస్తారు. ఎవరికి ఆకలేస్తే వాళ్ళు తీసుకోవచ్చు, ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. పోయిన మామగారు ప్రభువు పేరు మీద మొదలుపెట్టారు. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా రెండో నియమంతో. ట్రే పట్టుకెళ్ళే మనిషి ముఖం బాగుండాలి. చిరాకుగా ఉంటే ఇంకొకరికి అందించి తప్పుకోవాలి.

ఒక పొద్దున కోడలు దిండు విషయంలో మొగుడితో దెబ్బలాడి ట్రే ఎత్తుకుని వస్తోంది. అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆగమ్మా. ఆ ముఖంతోనే?"

"ముఖానికేమైంది అత్తయ్యా?"

"ఉడికిన వంకాయలా ఉంది. దేవుడికి ఇస్తున్నావా, జరిమానా కడుతున్నావా? ట్రే మావాడికివ్వు, లేదంటే నవ్వు."

"ఉన్నపళంగా నవ్వమంటే ఎలా వస్తుంది?"

"అయితే ఇక్కడే నిలబడు, వచ్చేదాకా. రొట్టెలు చల్లారితే నీదే పూచీ."

ఆ మాటకే నవ్వొచ్చేసింది. ఈ ఇంట్లో ముగ్గురికీ కాస్త తిక్క ఉంది, తనతో కలిపి, అనుకుంది. ఆ తిక్క ఒక మనిషి ఎముకలు విరిచేదాకా పోతుందని అప్పుడు ఆమెకి తెలియదు.

గొలుసుగాడు వచ్చిన పొద్దున ఆమె మొగుడు తొలి ట్రే చేతుల్లో పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు. వాడి వెనక ఇద్దరు, ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. వీధిలో వాళ్ళని అలాగే పిలిచేవారు.

"రా తమ్ముడూ, సరిగ్గా వేడి మీద వచ్చావు," అన్నాడు ఆమె మొగుడు. ట్రే మొత్తం ముందుకు చాపాడు. "నీ వాళ్ళక్కూడా తీసుకో. మొహమాటపడకు, ఆకలేసినవాళ్ళ కోసమే ఇది."

పొట్టివాడు ఫక్కున నవ్వాడు. "అన్నా, నిన్ను అడుక్కునేవాళ్ళలో కలిపేశాడు."

గొలుసుగాడి మెడ నరం ఉబ్బింది. "నేను అడుక్కోవడానికి రాలేదు. వసూలుకి వచ్చాను."

"ఎందుకొస్తే ఏముందిలే. చల్లారకముందే తిను."

అది పొగరు కాదు, వెటకారమూ కాదు. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడికి ఇవ్వడం ఒక్క రకంగానే తెలుసు. భయపడి ఇచ్చేది ఇంకో రకం ఉందనీ, దానికి వేరే ముఖం తగిలించుకోవాలనీ అతనికి ఎవరూ నేర్పలేదు. అందుకే నవ్వుతూనే ఉన్నాడు.

గొలుసు ఆ నవ్వు మీదే పడింది.

కోడలు లోపలి నుంచి చూస్తూనే ఉంది. మొదటి దెబ్బకి పెదవి చీలింది. రెండో దెబ్బకి పన్ను ఊడి రొట్టెల మధ్య పడింది. అతను ట్రే వదలకుండా మోకాళ్ళ మీదికి జారాడు. అలవాటుకొద్దీ రొట్టెలు కిందపడకూడదనుకున్నాడో ఏమో. పొడుగువాడు జుట్టు పట్టుకున్నాడు. పొట్టివాడు అతని కుడిచేతిని లాగి గడప అంచు మీద పెట్టాడు. గొలుసుగాడు బూటుకాలు ఎత్తి మోచేతి పైన తొక్కాడు. పచ్చికట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆమె అరిచింది కానీ ఆ అరుపు ఆమెకే వినపడలేదు. అత్తగారు ఆమెని వెనక నుంచి వాటేసి పట్టుకుంది, లేకపోతే ఏం చేసేదో.

గొలుసుగాడు వంగి, అతని గడ్డం పట్టుకుని పైకెత్తాడు.

"రేపు ఇదే వేళకి ఇదే ట్రే వీధి మలుపు దగ్గరికి తీసుకురా. వణుకుతూ తేవాలి. పెదవి మీద నవ్వు కనబడిందా, అక్కడే పూడ్చేస్తాను. అర్థమైందా?"

అతను నోట్లోని రక్తం మింగి, "రొట్టెలు మాత్రం తీసుకెళ్ళు," అన్నాడు.

గొలుసుగాడు అతని పక్కటెముకల్లో ఒక్క తన్ను తన్ని వెళ్ళిపోయాడు. రొట్టెలు తీసుకోలేదు.

డాక్టరు చేతికి కట్టు వేసి, పెదవికి కుట్లు వేసి పంపాడు. ఆ సాయంత్రం పొయ్యి గదిలో ఆమె మొగుడి నోట్లోకి గంజి చెంచాతో పోస్తూ, "బల్ల తీసేద్దాం," అంది.

"బల్ల ఏం చేసింది?"

"నీకు హాస్యంగా ఉందా? వాడికి కావలసింది వాడి మొహాన కొడదాం. తల దించుకుని ఇచ్చేద్దాం. అందరూ చేస్తున్నదే కదా."

"ఇస్తానంటున్నానుగా. రేపు నేనే తీసుకెళ్తా."

"నవ్వకుండా ఉంటావా?"

"ప్రయత్నిస్తా."

"ఏదీ, వణుకు చూద్దాం."

అతను భుజాలు కుదించి, కళ్ళు పెద్దవి చేసి, ఊడిన పంటి సందులోంచి గాలి పీలుస్తూ వణికాడు. వానలో తడిసిన కుక్కపిల్లలా ఉన్నాడు. ఇంకో రోజైతే ఆమె పొట్ట పట్టుకుని నవ్వేది. ఈరోజు నవ్వు రాలేదు. ఇది చూస్తే వాడు వెక్కిరింపు అనుకుంటాడు. వీధి మలుపులో తన మొగుణ్ణి చంపేస్తాడు. అందులో ఆమెకి అనుమానమే లేదు. పెళ్ళై ఇంకా చీరల మడతలు కూడా పోలేదు, ఈ మనిషిని రేపు పొద్దున పోగొట్టుకోబోతోంది.

తెల్లవారుతుండగా పిండి తనే కలిపింది. కలపలేదు, కొట్టింది. గుద్దిన ప్రతి గుద్దూ గొలుసుగాడి ముఖం మీదే. అత్తగారు లోపల కొడుకు కట్టు సరిచేస్తోంది. కోడలు తొలి ట్రే పొయ్యిలోంచి లాగింది. రెండు చేతులకీ మందపాటి గుడ్డలు చుట్టుకుంది. ట్రేలు లాగే పొడుగాటి ఇనుప కొక్కెం చంకలో ఇరికించుకుని, పైన శాలువా కప్పుకుంది. ముఖం ఎలా ఉందో చూసి ఆపడానికి గుమ్మంలో ఎవరూ లేరు.

మలుపు దగ్గర ముగ్గురూ గోడకి ఆనుకుని ఉన్నారు. ఆమెని చూసి గొలుసుగాడు నిటారుగా నిలబడ్డాడు.

"మొగుడేడీ?"

"లేవలేకపోయాడు."

వాడు దగ్గరికి వచ్చి తేరిపార చూశాడు. ఆమె నిజంగానే వణుకుతోంది. ట్రే మీద రొట్టెలు చిన్నగా అదురుతున్నాయి.

"చూశార్రా? ఇలా తేవాలి," అన్నాడు వాడు వెనక్కి తిరిగి. "వాడికంటే దీనికి తెలివుంది."

మళ్ళీ ఇటు తిరిగేసరికి వేడి ట్రే వాడి ముఖానికి అతుక్కుంది. ఆమె బలమంతా పెట్టి అదిమింది. చర్మం చుయ్యిమంది. రొట్టెలు చెల్లాచెదురయ్యాయి. వాడు ముఖం పట్టుకుని వెనక్కి తూలాడు. ఆమె శాలువాలోంచి కొక్కెం లాగి మోకాలి మీద కొట్టింది. వాడు వంగాక దవడ మీద కొట్టింది. దవడ పక్కకి జరగడం ఆమె చేతికి తెలిసింది. వాడు బోర్లా పడ్డాడు. ఆమెకి సంతోషం వేసింది. ఇంకో దెబ్బ కోసం చేతులు దురదపెట్టాయి.

మిగతా ఇద్దరూ తన మీదికి వస్తారనుకుని కొక్కెం ఎత్తింది. వాళ్ళు రాలేదు. పొడుగువాడు కిందపడ్డవాణ్ణి కాసేపు వింతగా చూశాడు. తర్వాత వంగి, వాడి మణికట్టు నుంచి గొలుసు విప్పి తన చేతికి చుట్టుకున్నాడు.

"ఆడదాని చేతిలో పడ్డావు. ఇంక నీకు గొలుసెందుకన్నా?"

ఆ మూకలో పెద్దరికానికి ఒకటే అర్హత, పడకుండా ఉండటం. పడ్డాక అన్న లేడు, తమ్ముడు లేడు. పొట్టివాడు కడుపులో తన్నడం మొదలుపెట్టాడు. పొడుగువాడు గొలుసు ఆడించాడు. వీపు మీద చొక్కా చీలింది, దాని కింద చర్మం చీలింది. వీధిలో కొట్లన్నీ గబగబా మూతపడ్డాయి. దర్జీ తలుపు సందులోంచి ఒక కన్ను మాత్రం కనబడుతోంది.

ఆమె వెనక్కి నడుస్తూ కొట్టు గుమ్మం దాకా వచ్చింది. గొలుసుగాడు దెబ్బల మధ్యే మోచేతుల మీద దేకుతున్నాడు. తెరిచి ఉన్న తలుపు వీధి మొత్తానికి ఒక్కటే ఉంది. వాడు దాని వైపే వస్తున్నాడు.

"తలుపు వేసేద్దాం," అంది ఆమె లోపలికి తిరిగి.

అప్పటికే మొగుడు ఆమెని దాటుకుని బయటికి దిగాడు. కట్టు ఉన్న చెయ్యి ఎదకి ఆన్చుకుని, ఎడమచేత్తో గొలుసుగాడి చొక్కా పట్టి లాగుతున్నాడు. గొలుసు గాలిలో తిరిగి అతని భుజం మీద కూడా పడింది. "వదిలెయ్," అని ఆమె అరిచింది, అత్తగారి ఎదురుగానే. అతను వదల్లేదు. అత్తగారు వచ్చి రెండో భుజం పట్టింది. ఇద్దరూ కలిసి వాణ్ణి గడప ఇవతలికి ఈడ్చేశారు. కోడలు షట్టరు లాగింది. పొట్టివాడి వేళ్ళు కింద నలిగాయి. వాడు ఊళపెట్టి వేళ్ళు పీక్కున్నాడు.

షట్టరు మీద గొలుసు దెబ్బలు మొదలయ్యాయి. ఆ రేకు పాతది, ఎక్కువసేపు ఆగదు. పొడుగువాడి గొంతు వినిపించింది.

"అక్కా, నీతో మాకు గొడవ లేదు. నువ్వు మంచి పనే చేశావు. వాణ్ణి బయటికి తొయ్యి, ఇంకెప్పుడూ నీ కొట్టు గడప తొక్కం. తొయ్యలేదో, ఒక్క వస్తువు మిగలదు."

ఆమె షట్టరు గడియ మీద చెయ్యి వేసింది. ఒక చిన్న తోపు. అంతే కావాలి. మొగుడు బతుకుతాడు, కొట్టు బతుకుతుంది, ఇక ఏ పొద్దునా ఎవరూ రారు. నేల మీద గొలుసుగాడు పిండిలో రక్తంలో కలిసి ముద్దలా పడి ఉన్నాడు. మాట్లాడబోతే దవడ కదలడం లేదు. బుగ్గ మీద ట్రే అంచు ఎర్రటి గీతలా అచ్చు పడింది.

"ఏమంటారు?" అంది మొగుణ్ణి చూసి.

అతను గోడకి ఆనుకుని రొప్పుతున్నాడు. "నేనేమీ అనను. కొట్టు నీది కూడా. ఇష్టం లేకుండా నా కోసం ఇచ్చావంటే, వాడు నిన్న మన దగ్గర లాక్కోబోవడానికీ, నేను ఇవాళ నీ దగ్గర లాక్కోవడానికీ తేడా ఏముంది?"

"వీడు నీ చెయ్యి విరిచాడు."

"అవును. నొప్పిగానే ఉంది."

"వీడి మీద నాకు జాలి లేదు. అబద్ధం చెప్పను."

"చెప్పకు," అంది అత్తగారు. "జాలి తర్వాతైనా వస్తుంది. గడియ సంగతి చూడు."

ఆమె మళ్ళీ కిందికి చూసింది. ఆ బుగ్గ మీది గీత తన చేతిది. రేపు పొయ్యి ముందు నిలబడినా, ఎల్లుండి నిలబడినా, ఏ ట్రే లాగినా ఆ చుయ్యిమన్న చప్పుడు వినపడుతుంది. ఇప్పుడు తోసేస్తే దాని వెనక ఇంకో చప్పుడు కూడా చేరుతుంది. రెండూ పెట్టుకుని ఈ మనిషి చెవి వెనక పిండి చూసి ఎలా మురిసిపోవడం?

గడియ మీంచి చెయ్యి తీసేసింది.

"పగలగొట్టుకోండి," అంది షట్టరుతో. "మనిషిని మాత్రం ఇవ్వం."

ముగ్గురూ కలిసి గొలుసుగాణ్ణి పొయ్యి గదిలోకి ఈడ్చి, ఇనుప తలుపు మూసి, అడ్డకమ్మీ దించారు. ఆ గదికి ఇంకో దారి లేదు. కాసేపటికి షట్టరు పీకి పక్కన పడేసిన చప్పుడు వచ్చింది. ఇనుప తలుపు మీద గట్టిగా బాదారు. అది కదల్లేదు. దాంతో కొట్టు మీద పడ్డారు.

మొదట అద్దాల బీరువా. అంత పెద్ద చప్పుడుకి కోడలు మొగుడి ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుంది. మసక చీకట్లో అత్తగారి గొంతు ప్రశాంతంగా వినిపించింది.

"పోనీలే. మీ మామగారి ఎంపిక అది. నాకు మొదట్నుంచీ నచ్చలేదు, పాపం బాధపడతారని ఊరుకున్నాను." తలుపు వైపు తిరిగి గొంతు పెంచింది. "అది మీకే బాబూ, తీసుకోండి."

బయట ఒక్క క్షణం చప్పుడు ఆగింది. మళ్ళీ ఏదో గోడకి తగిలి పగిలింది.

"గడియారం," అన్నాడు మొగుడు. "ఎప్పుడూ ఆలస్యంగా నడిచేది. అదీ మీకే."

"వీళ్ళకి పిచ్చెక్కిందిరా," అని పొట్టివాడి గొంతు.

తర్వాత వరసగా సీసాలు. అవి ఆమెవి. పెళ్ళై రాగానే తనే కడిగి, ఎండబెట్టి, ఒక్కో సీసా మీద కుంచెతో చిన్న చిన్న పువ్వులు వేసి అరల్లో సర్దుకుంది. ఈ ఇంట్లో తన చేత్తో చేసిన మొదటి పని. వాళ్ళు ఒక్కొక్కటే తీసి, తీరుబడిగా, నేలకేసి కొడుతున్నారు. నీలం పువ్వుల సీసా ఏదో, పసుపుదేదో చప్పుడు బట్టి తెలుస్తోందనిపించింది. మొగుడూ అత్తగారూ ఈసారి "మీకే" అనలేదు. అవి వాళ్ళు ఇవ్వగలిగినవి కావు.

ఇంకో సీసా పగిలింది. ఆమె వేళ్ళు తలుపు కమ్మీని బిగించి పట్టుకున్నాయి.

"అదీ," అంది. మాట రాలేదు. మళ్ళీ అంది. "అదీ మీకే."

ఇంకోటి పగిలింది.

"అదీ మీకే. ఆ చివరిది జాగ్రత్త, మూత గట్టిగా పడుతుంది."

మొగుడు కుట్లు వేసిన పెదవితోనే నవ్వాడు, "అబ్బా" అని మూలిగి మళ్ళీ నవ్వాడు. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి కానీ రెండిట్లో నవ్వే ఎక్కువ. బరువైన బస్తా ఎవరో వీపు మీంచి దించినట్టు ఒళ్ళంతా తేలికైంది. త్రాసు పడింది, ఇచ్చేసింది. నామఫలకం విరిగింది, అక్షరాలు వంకరగా ఉన్నాయని చెప్పి ఇచ్చేసింది. బయట పగలగొట్టేవాళ్ళకి అందులో సరదా తగ్గిపోయినట్టుంది. చివరికి పొడుగువాడు ఇనుప తలుపుని ఒక తన్ను తన్ని, "కొట్టకపోయినా చచ్చేలా ఉన్నాడు, పదరా," అన్నాడు. గాజుపెంకుల మీద అడుగులు కరకరలాడుతూ దూరమయ్యాయి.

గొలుసుగాడు ఒక కన్నుతో వాళ్ళని మార్చి మార్చి చూస్తున్నాడు. ఇంకో కన్ను వాచి మూసుకుపోయింది. తనని కొట్టినవాళ్ళకంటే ఈ ముగ్గురినే చూసి ఎక్కువ భయపడుతున్నట్టున్నాడు.

బయటికి వస్తే కొట్టు అనేది లేదు. నేలంతా గాజు, విరిగిన కర్ర, పిండి. అత్తగారు చీపురు వెతుకుతూ, "మీరిద్దరూ వీణ్ణి ఆసుపత్రికి చేర్చండి. ఆలస్యమైతే చేతుల్లో పోయేలా ఉన్నాడు," అంది.

పిండి బస్తాలు తెచ్చే తోపుడుబండి వీధిలో పక్కకి ఒరిగి పడి ఉంది. దాన్ని లేపి, ఖాళీ సంచులు పరిచి, వాణ్ణి ఎలాగో పడుకోబెట్టారు. కోడలు తన శాలువా మడిచి తల కింద పెట్టింది. మొగుడు ఎడమచేత్తో ఒక పక్క, ఆమె రెండు చేతులతో ఇంకో పక్క తోశారు. ఒకవైపు బలం తక్కువ కావడంతో బండి మాటిమాటికీ గోడ వైపు పోతోంది. కొట్ల తలుపులు ఒక్కొక్కటే కొద్దిగా తెరుచుకున్నాయి. మలుపు దగ్గర దర్జీ కట్టు కట్టిన చేత్తోనే వచ్చి, బండి ముందు భాగాన్ని తుంటితో నెట్టి దారికి తెచ్చాడు. బండిలో ఎవరున్నారో చూశాడు. వెనక్కి వెళ్ళిపోయాడు. తలుపు మాత్రం వెయ్యలేదు.

"నీ బుగ్గ కాల్చింది నేనే," అంది ఆమె, బండిలోకి వంగి. "దవడ కూడా."

"తెలు..." అన్నాడు వాడు. మాట అక్కడితో ఆగింది.

"తప్పు చేశాను. మానేదాకా నేనే చూసుకుంటాను. ఇది మా ఆయన చెప్పమంటే చెప్తున్నది కాదు."

వాడి కన్ను ఆకాశం వైపు తిరిగింది. పెదవులు కష్టంగా కదిలాయి. ఆమె చెవి దగ్గరగా పెట్టి వింది.

"ఏమంటున్నాడు?" అన్నాడు మొగుడు.

"మెల్లగా తొయ్యమంటున్నాడు."

మెల్లగా తోశారు. ఎండ అప్పుడే రోడ్డు మీదికి దిగుతోంది. మొగుడి ముఖం గుమ్మడికాయలా ఉబ్బి ఉంది, భుజం మీద చొక్కా రక్తంతో అంటుకుపోయింది. ఆమె జుట్టు నిండా పిండి. కాస్త దూరం పోయాక అతను ఆమె వైపు ఓరగా చూశాడు.

"ఏయ్, ఒక సంగతి గమనించావా?"

"ఏంటి?"

"పెళ్ళయ్యాక మనిద్దరం కలిసి బయటికి రావడం ఇదే మొదటిసారి."

ఆమె ఆగి, బండి పిడి వదిలి, ఒక చేత్తో అతని చొక్కా కాలరు సర్దింది. సర్దడానికి అక్కడ ఏమీ లేదు, అయినా సర్దింది. తర్వాత మళ్ళీ పిడి పట్టుకుని, "అయితే పొడుగు దారిన వెళ్దామా?" అంది.

బండిలోంచి పెద్ద మూలుగు వినిపించింది.

"వద్దంటున్నాడు," అన్నాడు మొగుడు. ఇద్దరూ నవ్వుతూ దగ్గర దారికి బండి తిప్పారు.